తలుపు తడితే బిడియం పోతుందా?

కాలేజీలో క్యాంపస్ సెలెక్షన్లప్పుడు నేను వరసగా మూడు కంపెనీల్లో గ్రూప్ డిస్కషన్ దగ్గరే ఎగిరిపోయాను. రాత పరీక్ష బాగానే రాసేవాణ్ణి. ఎనిమిది మందిని గుండ్రంగా కూర్చోబెట్టి "ఇక మాట్లాడండి" అనగానే నోరు పిడచకట్టుకుపోయేది. నాలుగో కంపెనీ వాళ్ళు పుణ్యాత్ములు, గ్రూప్ డిస్కషన్ పెట్టలేదు. అలా ఉద్యోగం వచ్చింది. 2019లో బీటెక్ అయిపోయింది కానీ జాయినింగ్ డేటు మాత్రం ఇదిగో అదిగో అంటూ వాయిదా పడుతూనే ఉంది. ఆ ఖాళీలో మా హాస్టల్ సీనియర్ ఒకాయన ఒక సలహా పడేశాడు. "ఒరేయ్, పర్సనాలిటీ డెవలప్‌మెంట్ పుస్తకాలు చదివితే సిగ్గు పోదురా. నాలుగు నెలలు ఇంటింటికీ తిరిగి ఏదో ఒకటి అమ్ము. దెబ్బకి పోతుంది."

సరేనని నేనూ, నా రూమ్మేటూ కలిసి కూకట్‌పల్లి, నిజాంపేట వైపు ఇంటింటికీ తిరిగి ఇంటర్నెట్ కనెక్షన్లు అమ్మే పనిలో చేరాం. నేను నాలుగు నెలలు చేశాను. వాడు మూడు వారాలు చేశాడు. ఆ కథ చివర్లో చెప్తా. మొన్నీమధ్య మా టీములో కొత్తగా చేరిన కుర్రాడు "అన్నా, మీటింగుల్లో నోరు పెగలట్లేదు, ఏం చెయ్యను?" అని అడిగితే నా నోటివెంట అచ్చం మా సీనియర్ మాటే వచ్చేసింది. వచ్చేశాక అనుమానం మొదలైంది. అసలు అమ్మకానికీ ఆత్మవిశ్వాసానికీ ఈ ముడి ఎవరు వేశారు? ఓ రెండు వారాలు రాత్రిళ్ళు కూర్చుని తవ్వితే తేలిన సంగతులివి.

ఇంటికొచ్చి అమ్మడం మనకి కొత్తేం కాదు. గాజుల మలారాలు, బట్టల మూటలు, పాత సామాన్లకి స్టీలు గిన్నెలు ఇచ్చేవాళ్ళు, అందరూ మన గుమ్మాల్లోకి వచ్చినవాళ్ళే. కానీ గాజులాయన బిడియం పోగొట్టుకోవడానికి ఊళ్ళు తిరిగాడని ఎవరూ అనలేదు. పొట్ట కోసం తిరిగాడు, అంతే. "ఈ పని చేస్తే నువ్వు మనిషివవుతావు" అనే మాట మాత్రం అమెరికా సరుకు.

అక్కడ అంతర్యుద్ధం 1865లో ముగిసింది. దక్షిణాది రాష్ట్రాలు చితికిపోయి ఉన్నాయి. 1868లో నాష్‌విల్‌లోని సౌత్‌వెస్టర్న్ అనే పుస్తకాల కంపెనీ కాలేజీ కుర్రాళ్ళ చేత వేసవి సెలవుల్లో ఇంటింటికీ బైబిళ్ళు అమ్మించడం మొదలుపెట్టింది. కుర్రాళ్ళకి ఫీజు డబ్బులు కావాలి, కంపెనీకి జీతం లేకుండా తిరిగే కాళ్ళు కావాలి. మొదట్లో వ్యవహారం ఇంతే. పోను పోను డబ్బు మాట వెనక్కి వెళ్ళి, వ్యక్తిత్వం మాట ముందుకొచ్చింది. ఆ కార్యక్రమం ఇప్పటికీ నడుస్తోంది. టెక్సాస్ గవర్నరుగా చేసిన రిక్ పెర్రీ చదువుకునే రోజుల్లో అలా పుస్తకాలు అమ్మినవాడే.

తర్వాత 1885. మాజీ అధ్యక్షుడు గ్రాంట్ గొంతు కేన్సరుతో చనిపోతూ తన జ్ఞాపకాలు రాశాడు. వాటిని ప్రచురించింది మార్క్ ట్వేన్ పెట్టిన సంస్థ. పుస్తకాల షాపుల్లో కాదు, ఇంటింటికీ ఏజెంట్లని పంపి ముందుగానే ఆర్డర్లు పట్టారు. ఏజెంట్లలో చాలామంది గ్రాంట్ కింద పోరాడిన పాత సైనికులు. మూడు లక్షల సెట్ల పైనే అమ్ముడుపోయాయి, గ్రాంట్ భార్యకి నాలుగు లక్షల డాలర్ల పైనే ముట్టింది. నాకు ఆసక్తిగా అనిపించింది ఆ అంకెలు కాదు. ఏజెంట్ల చేతికి ఇచ్చిన 37 పేజీల చిన్న పుస్తకం. తలుపు తీశాక ఏమనాలి, అవతలివాడు వద్దంటే ఏమనాలి, అన్నీ రాసిపెట్టి ఉన్నాయి అందులో. తుపాకీ గుండ్లకి బెదరనివాళ్ళకి కూడా గుమ్మం ముందు నిలబడి మాట్లాడ్డానికి కాగితం కావాల్సొచ్చిందన్నమాట!

రెండేళ్ళకి, 1887లో, నేషనల్ క్యాష్ రిజిస్టర్ కంపెనీ అధిపతి జాన్ ప్యాటర్సన్ దీన్ని శాస్త్రంలా మార్చాడు. ఆయన బావగారి వరసైన జోసెఫ్ క్రేన్ తాను అమ్మేటప్పుడు చెప్పే మాటల్ని పొల్లుపోకుండా రాయించి అచ్చు వేయించాడు. దాని పేరు ప్రైమర్, అంటే బాలశిక్ష. సేల్సుమేన్లందరూ దాన్ని బట్టీపట్టాలి. మనకి సంధ్యావందనం నేర్పినట్టు :)

ఇక్కడ మన పరిశ్రమకి ముత్తాత లాంటివాడు ఒకాయన రంగంలోకి వస్తాడు, థామస్ వాట్సన్. బండి మీద పియానోలు, ఆర్గన్లు, కుట్టుమిషన్లు వేసుకుని పల్లెటూళ్ళు తిరిగిన కుర్రాడు. ఒకసారి అమ్మకం బాగా జరిగిందని సారాకొట్టులో సంబరం చేసుకుని బయటికి వచ్చేసరికి గుర్రం, బండి, సామాను మొత్తం ఎవరో ఎత్తుకుపోయారు. 1896లో బఫెలో ఊళ్ళో నేషనల్ క్యాష్ రిజిస్టర్‌లో చేరాడు. మొదట్లో అక్కడా ఏమీ అమ్మలేకపోయాడు. మేనేజరు జాన్ రేంజ్ చెడామడా తిట్టాడు. ఇంతవరకూ మనకి తెలిసిన డామేజరు కథే. కానీ ఆయన తిట్టి ఊరుకోలేదు, పద నాతో అని తానే వెంట వెళ్ళి ఎలా అమ్మాలో చూపించాడు. వాట్సన్ నిలదొక్కుకున్నాడు. 1914లో ఇంకో కంపెనీ పగ్గాలు పట్టుకున్నాడు. 1924లో దాని పేరు ఐబీఎంగా మారింది.

ఈ కథని మోటివేషన్ ఉపన్యాసాల్లో చెప్పేటప్పుడు వెంట వెళ్ళిన మేనేజరుని వదిలేస్తారు. గుర్రం పోయిన ముక్క మాత్రం ఉంచుతారు.

బిడియం విషయంలో అసలు హీరో మాత్రం ఆల్ఫ్రెడ్ ఫుల్లర్. 1885లో కెనడాలో నోవా స్కోషియాలో ఓ రైతు ఇంట పన్నెండు మంది పిల్లల్లో పదకొండో వాడిగా పుట్టాడు. చదువు అంతంతమాత్రం. 1903లో బోస్టన్ వైపు వచ్చి చేరిన ప్రతి ఉద్యోగం పోగొట్టుకున్నాడు. ట్రామ్ కండక్టరుగా పెడితే దాన్ని తానే నడిపి పట్టాలు తప్పించాడు. చివరికి బ్రష్షులమ్మే పనిలో పడి, 1906లో తన దగ్గరున్న 375 డాలర్లతో సొంతంగా మొదలుపెట్టాడు. రాత్రి అక్కగారింటి నేలమాళిగలో బ్రష్షులు చుట్టడం, పగలు అమ్ముకోవడం. తర్వాత హార్ట్‌ఫర్డ్ వెళ్ళిపోయాడు.

ఈయన తన గురించి తాను చెప్పుకున్నది చూస్తే మాటకారి ఛాయలు ఎక్కడా లేవు. మొరటు పల్లెటూరివాణ్ణి, జనంలో మసలడం రానివాణ్ణి అనే చెప్పుకున్నాడు. మరి ఎలా అమ్మాడు? మాట్లాడ్డం రాదు కాబట్టి వినేవాడు. మీ ఇంట్లో శుభ్రం చెయ్యడానికి ఏది ఇబ్బందిగా ఉంది అని ఇంటావిడని అడిగేవాడు, ఆవిడ చెప్పింది గుర్తుపెట్టుకుని దానికి తగ్గ బ్రష్షు చేసి తెచ్చేవాడు. మన భాషలో రిక్వైర్‌మెంట్ గేదరింగ్. బిడియస్తుడికి ఉన్న ఏకైక బలం అదే, అదే వాడాడు. ఈ ముక్క చదివాక నాకు ఆయన మీద అభిమానం కలిగింది.

తర్వాత కంపెనీ పెద్దదైంది. 1909లో ఒక పత్రికలో చిన్న ప్రకటన వేస్తే 260 మంది ఉత్తరాలు రాశారు. బెల్లు కొట్టి ఒక అడుగు వెనక్కి వెయ్యాలి, లోపలున్న ఆడమనిషికి భయం కలగకుండా. చేతిలో ఉచితంగా ఇచ్చే చిన్న బ్రష్షు ఉండాలి. 1936 వేసవిలో స్కూలు చదువు ముగించుకుని సౌత్ కరొలైనాలో ఈ బ్రష్షులే అమ్మాడు బిల్లీ గ్రాహం, తర్వాత స్టేడియాలు నింపిన క్రైస్తవ ప్రచారకుడు. 1948లో ఫుల్లర్ బ్రష్ మనిషి మీద సినిమా కూడా వచ్చింది. కంపెనీ పత్రిక ఒకటి ఉండేది, బ్రిజ్లర్ అని. దాని నిండా గెలిచినవాళ్ళ కబుర్లే.

ఇప్పుడు నాకు కావాల్సిన చోటికి వచ్చాను. ఈ బ్రష్షుల మనుషులు ఉద్యోగులు కారు. టోకు ధరకి కొని చిల్లర ధరకి అమ్ముకునే స్వతంత్ర వ్యాపారులు, కాగితాల మీద. అమ్మితే తిండి, లేకపోతే లేదు. చేరినవాళ్ళలో చాలామంది నిలిచేవాళ్ళు కాదు, ఒకరు పోతే ఇంకొకరు. 1930లలో ఆర్థిక మాంద్యం వచ్చి లక్షలమందికి పని పోయాక ఇలాంటి కంపెనీలకి మనుషుల కొరతే లేదు. 1938లో అమెరికా కనీస వేతనాల చట్టం తెచ్చినప్పుడు బయట తిరిగి అమ్మేవాళ్ళని అందులోంచి మినహాయించారు. ఆ మినహాయింపు నేటికీ ఉంది. గంటకింత అని ఇవ్వనక్కర్లేని పనికి మనిషిని నిలబెట్టాలంటే ఇంకేదో ఇవ్వాలి కదా. ఆ ఇంకేదో పేరే ఆత్మవిశ్వాసం అని నా అనుమానం.

డేల్ కార్నెగీ కథ కూడా ఈ దారిలోదే. మిస్సోరీ రైతు కొడుకు. మొదట పోస్టల్ కోర్సులు అమ్మాడు, తర్వాత ఆర్మర్ కంపెనీకి పందిమాంసం, సబ్బులు, కొవ్వు అమ్మాడు. 1912లో న్యూయార్క్ వైఎంసీఏలో ఉపన్యాస కళ నేర్పుతానంటే రాత్రికి రెండు డాలర్లు కూడా ఇవ్వమన్నారు, కమీషన్ మీద చేసుకోమన్నారు. మొదటి క్లాసులో చెప్పాల్సింది మధ్యలోనే అయిపోయింది. ఏం చెయ్యాలో తోచక, మీకు కోపం తెప్పించే విషయం మీద లేచి మాట్లాడండి అన్నాడు. కోపంలో భయం మర్చిపోయి జనం మాట్లాడేశారు. 1936లో ఆయన పుస్తకం వచ్చింది. మనవైపు విజయానికి మెట్లు లెక్కబెట్టే పుస్తకాలన్నిటికీ పెద్దన్న అదే. సేల్సుమేన్ మెలకువలు మామూలు మనుషుల స్నేహాల్లోకి, పెళ్ళిళ్ళలోకి, ఆఫీసుల్లోకి వచ్చింది ఆ తలుపులోంచే.

తలుపు అవతలి వాళ్ళ మాట కూడా ఒకటి చెప్పాలి. వయోమింగ్ రాష్ట్రంలో గ్రీన్ రివర్ అనే రైల్వే ఊరుంది. రాత్రి డ్యూటీ చేసి పగలు పడుకునే రైల్వే కార్మికులు ఈ బెల్లుల గోల పడలేక, పిలవకుండా ఇంటికొచ్చి అమ్మడం నేరమని 1931లో మునిసిపాలిటీ చేత చట్టం చేయించుకున్నారు. ఫుల్లర్ కంపెనీ కోర్టుకెక్కి 1933లో ఓడిపోయింది. ఇది చదివి నేను సిగ్గుపడ్డాను. నిజాంపేటలో ఒక మధ్యాహ్నం బెల్లు కొడితే ఎర్రటి కళ్ళతో ఒకాయన తలుపు తీసి "బాబూ, యూఎస్ షిఫ్టు, పొద్దున ఆరింటికి పడుకున్నా" అని చేతులు జోడించాడు. నేను ఆ మనిషికి కూడా రెండు లైన్ల స్క్రిప్టు అప్పజెప్పాకే కదిలాను. ధైర్యం వచ్చిందని ఆ రోజు సంబరపడ్డాను కూడా.

మన దగ్గర ఈ పద్ధతిని పెద్దఎత్తున తెచ్చింది 1982లో మొదలైన యురేకా ఫోర్బ్స్. మా అమ్మ ఇప్పటికీ టై కట్టుకుని తలుపు కొట్టే ఏ అబ్బాయినైనా వాక్యూమ్ క్లీనర్ అబ్బాయి అనే అంటుంది.

ఇక మా సంగతి. రోజుకి డెబ్బై ఎనభై తలుపులు. ఇద్దరు ముగ్గురు వినేవాళ్ళు. నెల తిరిగేసరికి నాకు కొత్తవాళ్ళతో మాట్లాడాలంటే గుండె దడ తగ్గింది, అబద్ధం చెప్పను. కానీ గ్రాంట్ ఏజెంట్లలాగే నా చేతిలో కాగితం ఉంది. అవతలివాళ్ళు మళ్ళీ కనపడరన్న ధీమా ఉంది. ఈ రెండూ లేని చోట, ఉదాహరణకి పెళ్ళిలో భోజనాల బంతిలో, నేను ఇప్పటికీ పాత మనిషినే.

నా రూమ్మేటుకి రెండో వారంలో ఒక పెద్దావిడ మంచినీళ్ళిచ్చి "చదువుకున్నవాడివి, నీకెందుకు నాయనా ఈ ఖర్మ" అంది. తిట్టినా తట్టుకునేవాడేమో, జాలిపడింది. వాడు మెట్ల మీద కూర్చుండిపోయాడు. మర్నాడు పొద్దున మీటింగులో టీమ్ లీడరు వాణ్ణి నిలబెట్టి, అమ్మకాలు సున్నా అని మా అందరి చేతా చప్పట్లు కొట్టించాడు. నేనూ కొట్టాను. మూడో వారం వాడు రావడం మానేశాడు. బ్యాగుకి, ఐడీ కార్డుకి కట్టించుకున్న డిపాజిట్టు వెనక్కి ఇవ్వలేదు. ఇవాళ వాడు డేటాబేస్ పనిలో నాకంటే ఎంతో మెరుగైన ఇంజనీరు, తెలియని నంబరు నుంచి ఫోనొస్తే మాత్రం ఎత్తడు. అంతకుముందు ఎత్తేవాడు.

వాడి వెంట ఏ రేంజూ వెళ్ళలేదు. బ్రిజ్లర్‌లో వాడి లాంటివాళ్ళ కబుర్లకి చోటు లేదు. సలహా ఇచ్చేది ఎప్పుడూ నాలుగు నెలలు నిలిచినవాడే కాబట్టి సలహా ఎప్పుడూ ఒకేలా ఉంటుంది.

మా టీము కుర్రాడి దగ్గరికి మర్నాడు వెళ్ళి, నిన్న నేనన్నది మర్చిపో, సోమవారం మీటింగుకి ముందు చెప్పాల్సింది అయిదు లైన్లు రాసుకుని నా దగ్గరికి రా, ఇద్దరం ఒకసారి చదువుకుందాం అన్నాను. వస్తున్నాడు, మూడు వారాలైంది.

ఇదంతా రాస్తున్నానని చెప్పడానికి రూమ్మేటుకి ఫోన్ చేశాను. ఎత్తలేదు. పది నిమిషాలకి మెసేజి పెట్టాడు: "రాసుకో. డిపాజిట్టు 1500 అని కూడా రాయి."