స్పెషలిస్టు వైద్యుల శిక్షణ, గుర్తింపు: కడప ప్రాంత చరిత్ర

ఎంబీబీఎస్ తర్వాత ఒకే విభాగంలో మూడేళ్లు తర్ఫీదు పొంది, పరీక్ష నెగ్గి ఎం.డి., ఎం.ఎస్. లేదా డి.ఎన్.బి. పట్టా తెచ్చుకున్నవారిని స్పెషలిస్టులుగా గుర్తిస్తారు. డాక్టరుకు పట్టా ఉంటే చాలదు. అతనికి ఆ తర్ఫీదు ఇచ్చే ఆసుపత్రికీ విడిగా గుర్తింపు ఉండాలి. వేముల, పులివెందుల, జమ్మలమడుగు వైపు స్పెషలిస్టులు ఎందుకు అరుదో తెలియాలంటే ఈ రెండో గుర్తింపు చరిత్ర చూడాలి.

జమ్మలమడుగులో లండన్ మిషనరీ సొసైటీ వారి కృషితో వెలసిన క్యాంబెల్ ఆసుపత్రి చాలాకాలం చుట్టుపక్కల పల్లెలకు పెద్ద దిక్కు. గుల్బర్గాలో ఎంబీబీఎస్ చదివి, తిరుపతి ఎస్వీ వైద్య కళాశాలలో హౌస్ సర్జన్ చేసిన వై.ఎస్. రాజశేఖరరెడ్డి కొంతకాలం జమ్మలమడుగు మిషన్ ఆసుపత్రిలో మెడికల్ ఆఫీసరుగా పనిచేశారు. 1973లో పులివెందులలో తండ్రి రాజారెడ్డి పేరిట 70 పడకల ఆసుపత్రి పెట్టారు. కాన్పయినా, జ్వరమైనా, పాముకాటైనా పల్లెజనం ముందుగా ఎంబీబీఎస్ డాక్టరు దగ్గరికే వెళ్లే కాలమది.

గుర్తింపు కథ అంతకు చాలా ముందే మొదలైంది. 1930లో బ్రిటన్ జనరల్ మెడికల్ కౌన్సిల్ భారతీయ వైద్య డిగ్రీలకు గుర్తింపు ఆపేసింది. ఆ దెబ్బతో 1933లో ఇక్కడే చట్టం చేసి, మరుసటి ఏడాది భారత వైద్య మండలి (ఎంసీఐ) ఏర్పాటు చేశారు. పీజీ విద్యకు ప్రమాణాలు సూచించే అధికారం 1956 చట్టంతో దానికి దక్కింది. కర్నూలు (1957), తిరుపతి (1960) వైద్య కళాశాలలు వచ్చాక సీమ విద్యార్థికి చదువు దగ్గరయింది. 1986లో విజయవాడలో ఆరోగ్య విజ్ఞాన విశ్వవిద్యాలయం ఏర్పడి, రాష్ట్రంలోని వైద్య పరీక్షలు ఒకే గొడుగు కిందికి వచ్చాయి.

వాటిలో పీజీ పరీక్ష తీరు చెప్పుకోదగ్గది. మూడేళ్లూ విద్యార్థి తాను చూసిన కేసులు లాగ్‌బుక్‌లో రాసుకోవాలి, థీసిస్ సమర్పించాలి. చివర్లో ‘లాంగ్ కేస్’ ఉంటుంది. ముందెన్నడూ చూడని రోగి మంచం దగ్గర నిలబడి, బాధ వివరం రాబట్టి, ఒళ్లు పరీక్షించి, జబ్బేమిటో ఎగ్జామినర్ల ముందు వాదించి నిలబెట్టుకోవాలి. నలుగురు ఎగ్జామినర్లలో ఇద్దరు బయటివారే కావాలన్న నియమం ఎంతో మేలు చేసింది. సొంత విద్యార్థిని సొంత గురువులే గట్టెక్కించే వీలు దాంతో తగ్గింది.

డాక్టరును పరీక్షించడం, తర్ఫీదు ఇచ్చే ఆసుపత్రిని గుర్తించడం: అమెరికాలో ఈ రెండు పనులూ వేరు. 1916లో మొదలైన నేత్రవైద్య బోర్డు నుంచీ డాక్టరును పరీక్షించి ధ్రువీకరించేది స్వతంత్ర బోర్డులే. రెసిడెన్సీ (స్పెషలిస్టు తర్ఫీదు) నడిపే ఆసుపత్రిని తనిఖీ చేసేది మరో సంస్థ. మన దగ్గర ఎం.డి. చేసి వెళ్లిన తెలుగు డాక్టర్లలో చాలామంది అక్కడ రెసిడెన్సీ మళ్లీ మొదటినుంచి చేయాల్సి వచ్చింది.

మన దేశంలో కళాశాలలు కాని ఆసుపత్రులకు దారి తెరిచింది 1975లో మొదలైన జాతీయ పరీక్షల బోర్డు. డి.ఎన్.బి. అలా వచ్చిందే. పులివెందులకు పడమట, బత్తలపల్లి ఆర్డీటీ ఆసుపత్రి ఆ బాటలోనే డాక్టర్లను తయారుచేస్తోంది. ఎం.డి.కి డి.ఎన్.బి. సమానమని ప్రభుత్వం చెప్పినా, బోధనా ఉద్యోగాల దగ్గర ఏళ్ల తరబడి పేచీలు నడిచాయి. చిన్న పట్టణాల్లో నర్సింగ్ హోములు నిలబెట్టిన డి.జి.ఓ. (కాన్పులు, స్త్రీల వైద్యం), డి.సి.హెచ్. (పిల్లల వైద్యం) వంటి రెండేళ్ల డిప్లొమాలను వైద్య కళాశాలల్లో క్రమంగా డిగ్రీ సీట్లుగా మార్చేశారు. పల్లెలకు అది నష్టమే. 2020లో బోర్డు ఎనిమిది విభాగాల్లో డిప్లొమాలు తిరిగి మొదలుపెట్టడం మంచి నిర్ణయం.

కళాశాలకు గుర్తింపు ఇప్పిస్తానని లంచం తీసుకున్నారన్న ఆరోపణపై 2010 ఏప్రిల్‌లో ఎంసీఐ అధ్యక్షుణ్ణి సీబీఐ అరెస్టు చేసింది. మే నెలలో మండలినే రద్దు చేశారు. 2020 సెప్టెంబరులో దాని స్థానంలోకి జాతీయ వైద్య కమిషన్ వచ్చింది.

కడపలో 2006లో రిమ్స్ వైద్య కళాశాల వెలిసింది. పీజీలు మూడు నెలలు జిల్లా ఆసుపత్రిలో పనిచేయాలన్న 2020 నాటి నిబంధన ప్రొద్దుటూరు వంటి ఊళ్లను దృష్టిలో పెట్టుకున్నదే. 2024లో పులివెందుల వైద్య కళాశాలకు కమిషన్ 50 ఎంబీబీఎస్ సీట్లు ఇచ్చింది. వసతులు చాలవంటూ రాష్ట్ర ప్రభుత్వం లేఖ రాయడంతో ఆ అనుమతి వెనక్కి పోయింది. వేముల రోగి పెద్ద జబ్బుకు కడపకో తిరుపతికో కర్నూలుకో బస్సెక్కక తప్పడం లేదు.

2025 నిబంధనల ప్రకారం 220 పడకలు దాటిన ప్రభుత్వ ఆసుపత్రులను, అవి కళాశాలకు చెందినవి కాకపోయినా, బోధనా సంస్థలుగా గుర్తించవచ్చు. ఇద్దరు అధ్యాపకులుంటే రెండు పీజీ సీట్లతో కోర్సు మొదలుపెట్టవచ్చు. ప్రొద్దుటూరు జిల్లా ఆసుపత్రికి ఈ గుర్తింపు తేవడానికి ప్రభుత్వం వెంటనే పూనుకోవాలి.