మిషన్ బంగళా వరండాలో

నల్లగొండ. 1900లు మొదలైన కొత్తలో ఒక మే నెల మిట్టమధ్యాహ్నం. లతీఫ్ సాహెబ్ గుట్ట మసక మసకగా ఊగుతోంది, వడగాలి మొహాన కొడుతోంది. మిషన్ కాంపౌండు గేటు దాటి, మొరం తొక్కుకుంటూ బంగళా ముందుకొచ్చారు మీరు.

మెట్లెక్కండి. ఇల్లు చుట్టిన ఈ వెడల్పు వరండాయే ఎండను గోడ దాకా రానివ్వదు. గోడ మీద చెయ్యి పెట్టి చూడండి, చల్లగా ఉంది. రాయీ, డంగు సున్నమూ. సున్నం, ఇసుక గుండ్రటి కాలువలో పోసి, ఎద్దులు లాగే రాతి చక్రం కింద మెత్తగా నూరింది. లోపల కప్పు ఎత్తు, దాని కింద రోషన్‌దాన్లు. వేడిగాలి పైకెక్కి అటునుంచే పోతుంది. దూలానికి పంఖా ఊగుతోంది, దాని తాడు బయట కూర్చున్న మనిషి చేతిలో ఉంది. వంటిల్లు విడిగా, వెనకాల. పాలమూరు, దేవరకొండ, నాగర్‌కర్నూలు మిషన్ ఇళ్లూ దాదాపు ఇదే తీరు.

ఈ మిషన్ మొదలుపెట్టిన అబ్రహాం ఫ్రీసెన్, మరియా దంపతులు 1889లో వచ్చిన రష్యా మెన్నొనైట్లు, అంటే ఒక ప్రొటెస్టంట్ క్రైస్తవ శాఖ వాళ్లు. పనిచేసింది అమెరికన్ బాప్టిస్టులతో కలిసి. చందాలిచ్చింది దక్షిణ రష్యాలోని వాళ్ల రైతు సోదరులు.

వరండాలో కాసేపు నిలబడండి. ఊరి దొర గడీ ముందు చెప్పులు చేతపట్టుకునే మాల, మాదిగ కుటుంబాలు ఇక్కడ మెట్లెక్కి వచ్చాయి. మందూ ఇక్కడే, అర్జీ ఇక్కడే, అక్షరాలూ ఇక్కడే. కానీ వాకిలి లోపలంతా మిషనరీ దొరదీ దొరసానిదీ. పంఖా లాగే చెయ్యి మాత్రం మనది.

వరండా చాలక కాంపౌండులో బడి లేచింది, హాస్టలు, దవాఖానా, చర్చి లేచాయి. 1914లో యుద్ధం, 1917లో విప్లవం వచ్చి రష్యా చందాలు ఆగాయి. భారం బాప్టిస్టుల మీద పడింది. పాలమూరులో కథ తిరగబడింది: 1937లో బాప్టిస్టులే ఆ క్షేత్రాన్ని మెన్నొనైట్ బ్రదరెన్ అనే మెన్నొనైట్ సంఘానికి అప్పగించారు. స్వాతంత్ర్యం తర్వాత పెత్తనం క్రమంగా తెలుగు సంఘాలకొచ్చింది.

మీ ఊళ్లో ఇలాంటి బంగళా మిగిలుంటే, సంఘ పెద్దలతో ఒక మాట చెప్పండి. సున్నపు గోడ తడిని పీల్చి వదులుతుంది. సిమెంటు పూస్తే ఆ తడి లోపలే నిలిచి గోడ గుల్లబారుతుంది. మరమ్మతు సున్నంతోనే చేయించండి. గదులు చాలడం లేదని వరండా మాత్రం మూసెయ్యకండి. ఆ ఇంట్లో మనకంటూ మొదట దక్కిన చోటు అదే.