స్పామ్ లింకులతో వచ్చే వైరస్‌లు: ఇంటి కంప్యూటర్‌ను కాపాడుకోవడం ఎలా?

చాలా ఇళ్లలో కంప్యూటర్ ఒక్కటే ఉంటుంది. పిల్లల చదువు, స్కాలర్‌షిప్ దరఖాస్తులు, పెళ్లి ఫొటోలు, నెట్ బ్యాంకింగ్ అన్నీ అందులోనే. "మీ పార్సిల్ ఆగిపోయింది", "కరెంటు బిల్లు కట్టలేదు, ఈ రాత్రికే కనెక్షన్ కట్" అంటూ మెయిల్ వస్తుంది. ఇంట్లో ఎవరో ఒకరు కంగారులో లింకు నొక్కితే చాలు, ఇవన్నీ ప్రమాదంలో పడతాయి.

తెలిసినవాళ్ల పేరుతో వచ్చినంత మాత్రాన మెయిల్‌ను నమ్మకూడదు. 2000 మే నెలలో ఫిలిప్పీన్స్‌లో మొదలైన 'ఐ లవ్ యూ' వైరస్ ఇందుకు పెద్ద ఉదాహరణ. ప్రేమలేఖ పేరుతో వచ్చిన ఫైలు తెరవగానే అది ఫొటోలను చెడగొట్టి, అడ్రస్ బుక్‌లో ఉన్న అందరికీ తనంతట తానే మెయిల్ అయ్యేది. ఫైలు పేరులోని చివరి భాగాన్ని విండోస్ దాచిపెట్టడంతో జనం దాన్ని మామూలు టెక్స్ట్ ఫైలే అనుకున్నారు.

లింకును ఎలా చదవాలి?

నొక్కకుండా మౌస్‌ను లింకు మీద పెడితే అసలు అడ్రస్ కింద మూలలో కనిపిస్తుంది. మొదట్లో ఉండే జంట స్లాష్‌లను వదిలేసి, ఆ తర్వాత వచ్చే మొదటి స్లాష్‌కు ముందు ఏముందో చూడాలి. సైటు అసలు యజమాని ఎవరో అక్కడే తెలుస్తుంది. అడ్రస్ మొదట్లో బ్యాంకు పేరున్నా, ఆ చోట వేరే పేరుంటే అది నకిలీ. తాళం గుర్తు కనిపించినా సైటు మంచిదని కాదు. అనుమానం వస్తే లింకు వదిలేసి, బ్యాంకు అడ్రస్‌ను స్వయంగా టైప్ చేసుకోవాలి.

ముందే చేసుకోవాల్సినవి

* విండోస్, బ్రౌజర్ అప్‌డేట్‌లు ఆటోమేటిక్‌గా వచ్చేలా పెట్టుకోవాలి. 2017 మే నెలలో వచ్చిన 'వన్నాక్రై' వైరస్ వాడుకున్న లోపానికి మైక్రోసాఫ్ట్ మార్చిలోనే అప్‌డేట్ ఇచ్చింది. వేసుకోనివాళ్లే ఎక్కువగా దెబ్బతిన్నారు. విండోస్ 10కు మామూలు సపోర్టు 2025 అక్టోబర్ 14తో ముగిసింది.
* విండోస్‌తో పాటే వచ్చే డిఫెండర్‌ను ఆఫ్ చేయొద్దు. ఉచితమని క్రాక్ సాఫ్ట్‌వేర్ ఎక్కించొద్దు.
* రోజువారీ పనికి, పిల్లలకు అడ్మిన్ అధికారం లేని అకౌంట్ ఇవ్వాలి.
* మెయిల్‌లో వచ్చిన వర్డ్, ఎక్సెల్ ఫైలు "ఎనేబుల్ కంటెంట్" అని అడిగితే నొక్కొద్దు.
* ఫొటోలు, సర్టిఫికెట్లు వేరే హార్డ్ డిస్క్‌లో కాపీ చేసి, ఆ డిస్క్‌ను తీసి పక్కన పెట్టాలి. కంప్యూటర్‌కు తగిలించే ఉంచితే వైరస్ దాన్ని కూడా లాక్ చేసేస్తుంది.

పొరపాటున నొక్కేస్తే?

మొదట వైఫై ఆపాలి, లేదా ఇంటర్నెట్ కేబుల్ పీకేయాలి. డిఫెండర్‌లో ఫుల్ స్కాన్, ఆ తర్వాత ఆఫ్‌లైన్ స్కాన్ నడపాలి. పాస్‌వర్డ్‌లు అదే కంప్యూటర్‌లో కాకుండా వేరే ఫోన్ నుంచి మార్చుకోవాలి, మెయిల్ పాస్‌వర్డ్ అన్నిటికన్నా ముందు. బాట్ వైరస్‌లు తొలగించే ఉచిత టూల్స్ కేంద్ర ప్రభుత్వ 'సైబర్ స్వచ్ఛతా కేంద్ర' సైటులో దొరుకుతాయి. ఖాతాలో డబ్బు పోతే ఆలస్యం చేయకుండా బ్యాంకుకు, 1930 నంబరుకు ఫోన్ చేయాలి. వచ్చిన మెయిల్‌ను డిలీట్ చేయకూడదు, ఫిర్యాదుకు అదే ఆధారం.

లింకు నొక్కిన పిల్లలనో పెద్దవాళ్లనో తిట్టొద్దు. భయపడితే ఈసారి జరిగింది దాచిపెడతారు, ఆలోగా వైరస్ తన పని తాను చేసుకుపోతుంది.