రాష్ట్రపతి పదవికి పోటీ చేసి ఓడినవాళ్ళు, టీవీ చర్చలు

రాష్ట్రపతి ఎన్నికలు వచ్చినప్పుడల్లా మా హేతువాద మిత్రులలో కొందరు ఒకే మాట అంటారు. అమెరికాలోలాగా అభ్యర్థులని టీవీలో కూర్చోబెట్టి చర్చ పెడితే, గెలిచే ఆశ లేకపోయినా నిర్భయంగా మాట్లాడేవాళ్ళ మాట జనానికి చేరుతుందట. 2012లో పి.ఎ. సంగ్మా గారు కూడా ప్రణబ్ ముఖర్జీని బహిరంగ చర్చకి రమ్మని సవాలు చేశారు. ఆ చర్చ జరగలేదు. చరిత్ర చూస్తే మాత్రం నాకు ఈ వాదన మీద నమ్మకం కుదరడం లేదు.

1952లో రాజేంద్ర ప్రసాద్ మీద ప్రొఫెసర్ కె.టి. షా పోటీ చేశారు. రాజ్యాంగ సభలో 1948 నవంబరులో 'సెక్యులర్, ఫెడరల్, సోషలిస్ట్' అనే మాటలు రాజ్యాంగం మొదటి అధికరణంలోనే చేర్చాలని సవరణ పెట్టింది ఈయనే. సభ ఒప్పుకోలేదు. రాష్ట్రపతి ఎన్నికలో షాకి వచ్చిన ఓట్ల విలువ 92,827, రాజేంద్ర ప్రసాద్‌కి 5,07,400. రాజేంద్ర ప్రసాద్ 1959 ఫిబ్రవరి 4న మా భిలాయి వచ్చి మొదటి బ్లాస్ట్ ఫర్నేస్ ప్రారంభించారు కనుక ఇక్కడ ఆయన పేరు అందరికీ తెలుసు. షా ఎవరని అడిగితే మన సంఘాల్లోనే చాలామంది చెప్పలేరు. ఆయన అడిగిన మూడు మాటల్లో రెండు 1976లో 42వ సవరణతో పీఠికలోకి వచ్చాయి. తెచ్చింది ఎమర్జెన్సీ ప్రభుత్వం కావడం వేరే సంగతి.

మన తెలుగువాళ్ళకి దగ్గర ఉదాహరణ కోకా సుబ్బారావు గారు. రాజమండ్రిలో పుట్టారు, ఆంధ్ర హైకోర్టు మొదటి ప్రధాన న్యాయమూర్తి, 1966లో సుప్రీం కోర్టు ప్రధాన న్యాయమూర్తి అయ్యారు. 1967 ఫిబ్రవరి 27న ఆయన నాయకత్వంలో గోలక్‌నాథ్ తీర్పు వచ్చింది. ప్రాథమిక హక్కులని తగ్గించే సవరణ చేసే అధికారం పార్లమెంటుకి లేదని 11 మంది జడ్జీలలో ఆరుగురు తేల్చారు. పదవీకాలం ఇంకా మూడు నెలలు ఉండగా ఏప్రిల్ 11న ఆయన రాజీనామా చేసి, ప్రతిపక్షాల అభ్యర్థిగా జాకీర్ హుస్సేన్ మీద నిలబడ్డారు. మే 6న పోలింగు. పోటీలో మొత్తం 17 మంది, వారిలో తొమ్మిది మందికి ఒక్క ఓటూ రాలేదు. సుబ్బారావు గారికి 3,63,971, జాకీర్ హుస్సేన్‌కి 4,71,244.

ఆ ఎన్నికలో దేశం దేని గురించి మాట్లాడుకుంది? జడ్జి కుర్చీ దిగి నేరుగా రాజకీయాల్లోకి రావచ్చా అని ఒకరి గురించి, ముస్లిం రాష్ట్రపతి కావచ్చా అని ఇంకొకరి గురించి. మొదటిది న్యాయమైన ప్రశ్నే, రాకూడదనే నేనూ అంటాను. రెండోది అడగడానికే సిగ్గుపడాల్సిన ప్రశ్న. మెజారిటీ ఉంది కదా అని పార్లమెంటు జనం హక్కులు కత్తిరించవచ్చా అనే అసలు ప్రశ్న వెనక్కి పోయింది. గోలక్‌నాథ్ కేసు భూమి గురించి వచ్చింది, ఆస్తి హక్కు విషయంలో నేను సుబ్బారావు గారితో ఏకీభవించను. కాబట్టే ఆయన్ని నిలదీసి అడగాల్సింది అది. అప్పటికి మన దేశంలో ఢిల్లీలో తప్ప టీవీ లేదు. ఉంటే మాత్రం, యాంకర్ అడిగేది కుర్చీ గురించి, మతం గురించే అని నా అనుమానం.

ఈ అనుమానానికి కారణం అమెరికాయే. 2007 మే 3న రిపబ్లికన్ పార్టీ చర్చలో పది మంది అభ్యర్థులని వరసగా నిలబెట్టి, పరిణామ సిద్ధాంతాన్ని నమ్మనివాళ్ళు చెయ్యెత్తండి అన్నారు. ముగ్గురు ఎత్తారు. ఎందుకు నమ్మరు, బడిలో ఏం చెప్పిస్తారు అని చేతులు ఎత్తించి తెలుసుకోలేము. డార్విన్ మీద చర్చని డ్రిల్లు మాస్టారు నడిపినట్లు ఉంది. డెమోక్రాట్లలో మైక్ గ్రావెల్ అనే మాజీ సెనేటర్ ఉండేవారు. వియత్నాం యుద్ధం గురించి ప్రభుత్వం దాచిన పెంటగాన్ పత్రాలని 1971లో సెనేట్ సబ్‌కమిటీలో గంటల తరబడి చదివి రికార్డులోకి ఎక్కించిన మనిషి. 2007 ఏప్రిల్‌లో ఎనిమిది మంది నిలబడిన మొదటి చర్చలో, పక్కనున్న వాళ్ళలో కొందరు తనని భయపెడుతున్నారని మొహమాటం లేకుండా అనేశారు. అక్టోబరు 30 చర్చకి సర్వేలలో, విరాళాలలో తక్కువ ఉన్నారని ఆయన్ని పిలవనే లేదు. అదే రాత్రి, ఇరాక్ యుద్ధాన్ని మొదటినుంచి వ్యతిరేకించిన కుసినిచ్‌ని అడిగిన ప్రశ్నలలో ఒకటి, మీరు ఎగిరే పళ్ళెం చూశారా అని!

1992లో రాస్ పెరో మూడు చర్చలలోనూ పాల్గొని దాదాపు 19 శాతం ఓట్లు తెచ్చుకున్నారు కదా అంటారు. నిజమే. 1996లో అదే పెరోని పిలవలేదు. 2000 నుంచి సర్వేలలో 15 శాతం ఉంటేనే ప్రవేశం అని నియమం పెట్టారు. జనానికి తెలియాలంటే చర్చలోకి రావాలి, చర్చలోకి రావాలంటే ముందే జనానికి తెలిసి ఉండాలి. అలాగని బయట ఉంచిన ప్రతివాడూ సత్యవంతుడు కాదు. 2024లో చర్చకి అర్హత రాని రాబర్ట్ కెన్నెడీ జూనియర్ వాక్సిన్ల గురించి చెప్పే మాటలు తెలిసినవే.

మన న్యాయ దర్శనం వాదం, జల్పం, వితండం అని మూడు రకాలు చెప్పింది. సత్యం కోసం చేసేది వాదం. ఎలాగైనా గెలవడానికి చేసేది జల్పం. తన పక్షం ఏమీ లేకుండా ఎదుటివాడిని కొట్టడం వితండం. ఆత్మని నమ్మిన పుస్తకమైనా ఈ విషయం బాగా పట్టుకుంది. జ్యోతిష్కుడిని, హేతువాదిని ఎదురెదురుగా కూర్చోబెట్టే మన తెలుగు చానెళ్ళలో నాకు కనిపించేవి చివరి రెండే.

సుబ్బారావు గారి ప్రశ్నకి అసలైన చర్చ 1973లో జరిగింది, కేశవానంద భారతి కేసులో, 68 రోజుల వాదనలతో. గోలక్‌నాథ్ తీర్పుని పక్కన పెడుతూనే, రాజ్యాంగం మౌలిక స్వరూపాన్ని పార్లమెంటు మార్చలేదని 13 మందిలో ఏడుగురు అన్నారు.

కాబట్టి కెమెరాలు వద్దు, కాగితం చాలు. అభ్యర్థులు నాలుగు ప్రశ్నలకి రాతపూర్వకంగా జవాబులిచ్చి, వాటిని ఓటర్లకీ పత్రికలకీ పంపితే చాలు. ఈ ఎన్నికలో పార్టీలు విప్ జారీ చెయ్యకూడదు, బ్యాలెట్ రహస్యం. హథ్‌ఖోజ్ ఫ్యాక్టరీలలో పనిచేసేవాడికి ఇందులో ఓటు లేదు, కానీ అతను గెలిపించిన ఛత్తీస్‌గఢ్ ఎమ్మెల్యేకి 129 విలువగల ఓటు ఉంది. ఆ జవాబులు చదివారా అని ఎమ్మెల్యేని అడగవచ్చు. ఇంకో అడ్డంకి ఉంది. 1952లో షాకి నామినేషన్ వెయ్యడానికి ఒక ప్రతిపాదకుడు, ఒక సమర్థకుడు చాలు. 1974లో వాళ్ళని పది, పది చేశారు. 1997లో యాభై, యాభై చేశారు.