కల్లం నుంచి కాంటా వరకు: గోదావరిఖని పరిసరాలలో ధాన్యం నూర్పిడి, శుద్ధి యంత్రాలు

దివ్య ఖుర్‌ఆన్‌లోని అల్ అన్‌ఆమ్ అధ్యాయం 141వ వాక్యం పంట కోసిన దినాననే దాని హక్కును చెల్లించవలసినదిగా ఆదేశిస్తున్నది. కోసిన దినమనగా ఏ దినము? కొడవలి పడిన దినమా, కంకి నుంచి గింజ విడిన దినమా, పొట్టూ తాలూ పోయి రాశి పడిన దినమా? ధర్మశాస్త్రవేత్తలు ఈ ప్రశ్నను తేలికగా విడిచిపెట్టలేదు. గింజ పక్వమైనప్పుడే పేదల హక్కు ఏర్పడుతుందనీ, చెల్లింపు మాత్రం నూర్చి శుభ్రపరచిన ధాన్యంలో జరగాలనీ, ఆ ఖర్చు యజమానియే భరించాలనీ షాఫయీ, హంబలీ న్యాయవేత్తలు నిర్ణయించారు. 1197లో మరణించిన మర్గీనానీ తన 'హిదాయా'లో, కూలీల వేతనాన్ని గానీ ఎద్దుల మేపు ఖర్చును గానీ ఉష్ర్ నుంచి మినహాయించరాదని హనఫీ మతాన్ని తెలిపాడు. వాననీటితో, ఊటనీటితో పండినదానిలో పదవ వంతు, తోడిపోసిన నీటితో పండినదానిలో ఇరవయ్యవ వంతు అన్నది హదీసుపై ఆధారపడిన విభజన. సేద్యగాని శ్రమను నీటి దగ్గర లెక్కలోనికి తీసుకున్న శాస్త్రం కల్లం దగ్గర తీసుకోలేదు.

రాజ్యం రైతు నుంచి తీసుకునే భాగాన్ని గురించి ఇంతకన్న సూటిగా వ్రాసినవాడు ఇమామ్ అబూ యూసుఫ్. ఖలీఫా హారూన్ అల్ రషీద్ కోరికపై ఆయన వ్రాసిన 'కితాబుల్ ఖరాజ్' న్యాయశాస్త్ర గ్రంథమే అయినా, దానిలో కల్లపు దుమ్ము వాసన ఉన్నది. కోసిన పంటను కల్లానికి చేర్చిన వెంటనే నూర్పించాలి. నెలల తరబడి నిలిపి ఉంచితే పక్షులూ పశువులూ బాటసారులూ తినిపోతారు, నష్టం రైతుకూ ఖజానాకూ కలుగుతుంది అన్నాడాయన. ఒకసారి కొలిచి, నెలో రెండు నెలలో కల్లంలోనే ఉంచి, మళ్ళీ కొలిచి, మొదటి కొలతకు తగ్గితే ఆ లోటును రైతు నుంచి రాబట్టే అధికారుల పద్ధతిని ఆయన స్పష్టంగా నిషేధించాడు. నూర్చి రాశి పోసిన వెంటనే పంచుకొనవలెను. కొలతగాళ్ళ కూలిని, కాగితాల ఖరీదును రైతు నెత్తిన వేయరాదు. 798లో మరణించిన న్యాయమూర్తి పన్నెండు శతాబ్దాల క్రితం వ్రాసిన ఈ మాటలు గోదావరి కుడి ఒడ్డున, రామగుండం బొగ్గు గనుల చుట్టుపక్కల వరి పండించే పల్లెల రైతు చదివితే ఏదో పాతకాలపు సంగతి అనుకోడు. ఆ పల్లెలలో కల్లం ఏమయినదో, దాని స్థానంలో ఏ యంత్రాలు వచ్చినవో చూస్తేనే ఆ కారణం తెలుస్తుంది.

పూర్వం ఈ ప్రాంతంలో కల్లం అంటే గట్టిగా కొట్టి, నీళ్ళు చల్లి, పేడతో అలికిన నేల. నడుమ మేటి పాతేవారు. వరి మోపులను ముందు బండకో బల్లకో కొట్టి, గింజ మిగిలిన గడ్డిని పరచి, ఎద్దులను వరుసగా కట్టి మేటి చుట్టూ బంతి తిప్పేవారు. తరువాతిది తూర్పార పట్టడం. గాలి వచ్చే వేళ చూసుకొని, ఎత్తు మీద నిలబడి, చేటతో గింజను జారవిడిస్తే బరువైన గింజ కాళ్ళ దగ్గర పడుతుంది, తాలు కొంత దూరాన, పొట్టు మరింత దూరాన పడుతుంది. గాలి లేకుంటే ఎదురుచూడవలసినదే. చేట పని ఎక్కువగా స్త్రీలది. కూలి గింజల రూపంలోనే లభించేది.

కల్లం ఒక పనిచోటు మాత్రమే అనుకుంటే దాని చరిత్ర అర్థం కాదు. ఊరి హక్కులన్నీ అక్కడ తేలేవి. చాకలి, మంగలి, కుమ్మరి, కమ్మరి, వడ్రంగి, మాదిగ ఎవరి మేర వారు కల్లంలోనే తీసుకునేవారు. దక్కనులోని పలు గ్రామాలలో ముల్లాకు కూడా ఇటువంటి వాటా ఉండేది. బిచ్చగాడు, ఫకీరు చేట ముందు నిలబడేవారు. ఇందులో అన్యాయం లేకపోలేదు: ఎవరికి ఎంత అన్నది కులాన్ని బట్టి ఉండేది, వెట్టి చేసినవాడి చెమటకు లెక్కే లేదు. అయినా రాశి అందరి కళ్ళ ముందు ఉండేది. తాలు ఎంతో, గట్టి గింజ ఎంతో దాచడం కష్టం.

రాజ్యం కూడా అక్కడికే వచ్చేది. మొదటి సాలార్ జంగ్ 1853లో హైదరాబాదు దివాను అయ్యేనాటికి శిస్తు వసూలు గుత్తకు తీసుకున్న తాలూకుదార్ల చేతిలో ఉన్నది. తరి భూములలో బటాయి, అనగా రాశిలో భాగం తీసుకోవడం, విస్తారంగా ఉండేది. పంపకం జరిగేదాకా గింజ తీయకుండా రాశులకు ముద్రలు వేసే పద్ధతి దక్షిణాపథంలో చిరకాలం సాగింది. అధికారి రాక ఆలస్యమైతే రాశి ముద్రతోనే వానకు తడిసేది. అబూ యూసుఫ్ హెచ్చరించిన దుస్థితి ముస్లిం ప్రభువుల పాలనలోనే కొనసాగిందన్నది దాచవలసిన విషయం కాదు. 1865లో జిల్లాబందీ, 1870వ దశకంలో సర్వే బందోబస్తు వచ్చిన తరువాత రొక్కపు శిస్తు స్థిరపడి, సర్కారు నెమ్మదిగా కల్లం నుంచి వైదొలగింది. రెండవ ప్రపంచ యుద్ధకాలంలో లెవీ పేరుతో తిరిగి వచ్చింది. పెద్ద భూస్వాములు తప్పించుకొనగా చిన్న రైతుల గింజలు పోయిన ఆ లెవీ, 1946 నుంచి 1951 వరకు సాగిన తెలంగాణ రైతాంగ పోరాటానికి ఒక కారణమైనది.

నూర్పిడి పనిముట్లు మాత్రం ఈ కాలమంతటా దాదాపు మారలేదు. లోకంలో మార్పు ఎప్పుడో మొదలైనది. చేతితో త్రిప్పే తూర్పార యంత్రం చైనాలో హాన్ వంశీయుల నాటికే ఉన్నది. 1786లో స్కాట్లండులో ఆండ్రూ మీకిల్ నూర్పిడి యంత్రాన్ని నిర్మించాడు. 1830లో ఇంగ్లండులోని వ్యవసాయ కూలీలు తమ శీతకాలపు కూలిని అవి మింగుతున్నవని వాటిని పగులగొట్టారు. ఈజిప్టు రైతులు ఇనుప బిళ్ళలు అమర్చిన నౌరజ్‌ను ఎద్దులతో లాగించేవారు. దానికి పోలిన బిళ్ళల బండి సూరత్ జిల్లాలోని ఓల్పాడ్ పేరుతో మనదేశంలో వాడుకలోనికి వచ్చింది. 1950వ దశకంలో జపాను పద్ధతి వరి సాగుతో పాటు కాలితో తొక్కే నూర్పిడి యంత్రాన్ని కూడా ప్రభుత్వాలు ప్రచారం చేశాయి. తీగ మెలికలు బిగించిన డ్రమ్ము తిరుగుతుంటే మోపును కంకుల వైపు ఆనించాలి. గింజ రాలుతుంది, గడ్డి నలగదు, తూర్పార పట్టడం మాత్రం తప్పదు.

వరికి నిజమైన మేలు చేసిన యంత్రం ఫిలిప్పైన్స్ నుంచి వచ్చింది. లాస్ బానోస్‌లోని అంతర్జాతీయ వరి పరిశోధన సంస్థలో వ్యవసాయ ఇంజనీరింగు విభాగానికి అధిపతిగా ఉండిన అమీర్ యు. ఖాన్ నాయకత్వంలో 1970వ దశకంలో ఆక్సియల్ ఫ్లో థ్రెషర్ రూపొందింది. పంట డ్రమ్ములో ఒక వైపున చేరి, ఇరుసు పొడుగునా జరుగుతూ పలుమార్లు చుట్టు తిరిగి రెండవ కొస నుంచి గడ్డిగా బయటపడుతుంది. గింజ జల్లెడ గుండా క్రిందికి జారుతుంది, ఫ్యాను గాలి తాలును ఎగరగొడుతుంది. తడిసిన వరినైనా నూర్చగలదు. ఆ సంస్థ నమూనాలను చిన్న కర్మాగారాలకు అందించింది. ఈ సూత్రమే నేటి అనేక హార్వెస్టర్ల కడుపులో పనిచేస్తున్నది. యంత్రం మనిషిని మింగిన సందర్భాలూ కలవు. ఉత్తర భారతంలో గోధుమ థ్రెషర్లకు చేతులు కోల్పోయినవారు ఎక్కువై, 1983లో పార్లమెంటు ప్రమాదకర యంత్రాల నియంత్రణ చట్టం చేయవలసి వచ్చింది. మోపు వేసే తొట్టిని పొడవుగా, పైకప్పుతో ఉంచితే చేయి డ్రమ్మును చేరదు. ఇంత చిన్న రేకు ముక్కకు చట్టం అవసరమైనది!

రామగుండంలో కల్లాన్ని మొదట కదిలించినది యంత్రం కన్న ముందు బొగ్గు. ఇల్లందులో 1889లో ఆరంభమైన సింగరేణి తవ్వకాలు 1960 ప్రాంతంలో ఇక్కడికి విస్తరించి గోదావరిఖని పట్టణం వెలసింది. 1971లో బి థర్మల్ కేంద్రం, 1980లో బొగ్గు నుంచి యూరియా తీసే ఎరువుల కర్మాగారం (అది 1999లో మూతపడింది, దాని స్థానంలో సహజవాయువుతో నడిచేది 2021లో వచ్చింది), 1983లో ఎన్.టి.పి.సి. మొదటి యూనిట్ వరుసగా వచ్చాయి. మూడు షిఫ్టుల గని పనికి అలవాటు పడినవాడు నెల జీతం వదలి, గాలి కోసం ఎదురుచూస్తూ కల్లంలో కూర్చోడు. మరోవైపు, 1963లో శంకుస్థాపన జరిగిన శ్రీరామసాగర్ నుంచి కాకతీయ కాలువ నీరు రావడంతో పొట్టి వరి రకాలు, రెండవ పంట వచ్చాయి. వానాకాలపు పంట పొడి చలిలో కోతకు వస్తే, యాసంగి పంట ఏప్రిల్, మే నెలల అకాల వర్షాలు, వడగండ్ల నడుమ వస్తుంది. కుప్ప వేసి తీరికగా నూర్చే వ్యవధి పోయింది. ఎద్దుల బంతి స్థానంలో ట్రాక్టరు తొక్కింది, చేట స్థానంలో ట్రాక్టరుకు బిగించిన ఫ్యాను వీచింది. ఆ తరువాత బురదలో దిగగల చైన్ హార్వెస్టరు కోత, నూర్పిడి, శుద్ధి మూడింటినీ ఒకటి చేసి, కొద్ది గంటలలో పొలం ఖాళీ చేయసాగింది.

ఈ యంత్రాన్ని నిందించి ప్రయోజనం లేదు. మబ్బు పట్టిన రోజున అది రైతు ప్రాణం. కాని దానితో కల్లం మాయమైనది, చేట కూలీ మాయమైనది, మేర అడిగేవాడు ఎక్కడ నిలబడాలో తెలియని స్థితి వచ్చింది. పేదలు రాకముందే తెల్లవారుజామున పంట కోసుకొనవలెనని ప్రమాణం చేసుకున్న తోట యజమానుల గాథ ఖుర్‌ఆన్ 68వ అధ్యాయంలో ఉన్నది. లైట్లు వేసుకొని రాత్రివేళ నడిచే హార్వెస్టరు వెనుక అటువంటి దురుద్దేశం లేదు. అయినా తెల్లవారి వచ్చిన పేదకు కనిపించేది ఆ తోటలో కనిపించినదే, ఖాళీ నేల. హార్వెస్టరు కిరాయిని ఉష్ర్ నుంచి మినహాయించవచ్చునా అన్న ప్రశ్న కూడా దీనితోనే వచ్చింది. హిదాయా ప్రకారం కూడదు. యూసుఫ్ అల్ ఖర్దావీ 'ఫిఖ్హుజ్ జకాత్'లో సాగు ఖర్చుల మినహాయింపు వైపే మొగ్గు చూపాడు.

తాలు సంగతి వేరు. హార్వెస్టరులో ఫ్యాను సరిపడా వేగంతో తిరిగితేనే తాలు బయటికి పోతుంది. డీజిలు కలసివస్తుందనో, గట్టి గింజ ఎగిరిపోతుందనో వేగం తగ్గిస్తే తాలు గింజతోనే ట్రాలీలో పడుతుంది. పైగా కుప్పలో ఆరని గింజ తేమతో దిగుతుంది. కొనుగోలు ప్రమాణాలలో తేమ 17 శాతానికి, చెత్త ఒక శాతానికి, మట్టిపెళ్ళలు, రాళ్ళు ఒక శాతానికి, పక్వం కాని ముడత గింజ 3 శాతానికి మించరాదు. అందుచేత కల్లంలో జరగవలసిన ఎండబెట్టడం, తూర్పార పట్టడం మహిళా సంఘాలు, సహకార సంఘాలు నడిపే కొనుగోలు కేంద్రాల ముందరి స్థలాలకు, రోడ్లకు వచ్చిపడింది. అక్కడ తూకం వేసి లారీ ఎక్కించిన ధాన్యాన్ని మిల్లు దగ్గర మళ్ళీ చూసి, తాలు ఉన్నదని, తేమ ఉన్నదని బస్తాకు ఇంత తరుగు తీస్తారు. క్వింటాలు ధాన్యానికి 67 కిలోల పచ్చిబియ్యం అప్పగించవలసిన మిల్లరు తన లెక్క చెబుతాడు. తరుగు తరువాతనే రైతు ఖాతాకు డబ్బు చేరుతుంది. పెద్దపల్లి, కరీంనగర్ జిల్లాలలో యాసంగి వచ్చిన ప్రతిసారీ ఈ తరుగుపై ధర్నాలు జరగడం వాడుక అయినది. హమాలీ కూలి ఎవరిది అన్న తగవు దీనికి తోడు. రెండవ కొలత, కొలతగాని కూలి: 'కితాబుల్ ఖరాజ్'లో ఒకదాని ప్రక్కన ఒకటి ఉన్న ఆ రెండు ఫిర్యాదులే.

కొనుగోలు కేంద్రాలకు ఇప్పుడు సర్కారు సరఫరా చేస్తున్న ప్యాడీ క్లీనరు జల్లెడలూ ఫ్యానూ కలిగిన సామాన్యమైన యంత్రం. ధాన్యం పై నుంచి జారుతుంది, గాలి తగులుతుంది, తాలు ఒక ప్రక్కకు, గట్టి గింజ మరొక ప్రక్కకు పడుతుంది. చేట చేసిన పనియే అది చేస్తుంది, రాశి మళ్ళీ రైతు కళ్ళ ముందే పడుతుంది. కేంద్రానికి ఒకటో రెండో ఉండగా వందల కుప్పలు వరుసలో ఉన్నప్పుడు, మబ్బు చూసి ఆగలేని రైతు తూర్పార పట్టకుండానే కాంటాకు ఒప్పుకుంటాడు. క్లీనరులో పట్టిన ధాన్యానికి కేంద్రంలో వేసిన తూకమే తుది తూకంగా మిల్లు అంగీకరించిన చోట తరుగు గొడవ ఉండదు. అంగీకరించని చోట లారీ మిల్లు గేటు దగ్గర ఆగి ఉంటుంది, రైతు ఆ రాత్రి అక్కడే పడుకుంటాడు.