పదములపై పండితుల కోపము

తాను చిన్ననాట నేర్చిన భాషయే శుద్ధమైన దనియు, తన తరువాత వచ్చినవారు దానిని చెఱచుచున్నారనియు తలంచుట అన్ని దేశములయందును పెద్దల కలవడిన గుణమే. ఇంగ్లీషువారి విషయమున మాత్ర మీ గుణమునకు గ్రంథస్థమైన సుదీర్ఘచరిత్ర యొకటి లభించుచున్నది. ఫ్రాన్సుదేశమున 1635లో వెలసిన అకాడెమీవంటి అధికారపీఠ మేదియు ఇంగ్లీషునకు లేకపోవుటచే, పదముల మంచిచెడ్డలపై తీర్పుచెప్పు భారమును కవులును, మతాచార్యులును, బడిపంతుళ్లును, పత్రికారచయితలును ఎవరికివారే వహించి, తమ కోపతాపములను పుస్తకములుగా అచ్చొత్తించి పోయిరి.

ఇంగ్లండునకు ముద్రణాయంత్రమును తెచ్చిన విలియం కాక్స్టన్ 1490లో ప్రకటించిన యొక అనువాదగ్రంథపు పీఠికలో ఒక ముచ్చట గలదు. థేమ్సునది మీదుగా జీలండునకు బయలుదేరిన వర్తకులు గాలి వీవక తీరమున నిలిచిపోగా, వారిలో నొకడు ఒక యింటికి పోయి తినుటకు 'ఎగ్స్' కావలెనని యడిగెను. ఆ యిల్లాలు తనకు ఫ్రెంచిభాష రాదని బదులు చెప్పెను. తనకును రాని భాషను తనకంటగట్టినందులకు వర్తకుడు మండిపడెను. తుదకు వేఱొకడు 'ఐరెన్' అని దక్షిణప్రాంతపు మాట పలుకగా, వారడుగునది గ్రుడ్లని యామె గ్రహించినది. రెండు మాటలలో దేనిని వ్రాయవలెనని కాక్స్టన్ చింతించెనే కాని, ఒకరిది తప్పని నిందింపలేదు.

నింద తరువాతి శతాబ్దమున మొదలయ్యెను. లాటిన్, గ్రీకు విద్యలు ప్రబలి, పండితులు ఆ భాషలనుండి పదములను తండోపతండములుగా దింపుకొనుచుండగా, వానిని 'సిరాకొమ్ము మాటలు' అని లోకము పరిహసించెను. కొమ్ముతో చేసిన సిరాబుడ్డి లేనిదే పుట్టని మాటలని భావము. థామస్ విల్సన్ 1553లో వెలువరించిన అలంకారగ్రంథమున వానిని ఎగతాళి చేసెను. కేంబ్రిడ్జిలో గ్రీకు నేర్పిన సర్ జాన్ చీక్ 1557లో ఒక మిత్రునకు లేఖ వ్రాయుచు, అప్పు తెచ్చుటయే కాని తీర్చుట యెఱుగని భాష దివాలా తీయక తప్పదని హెచ్చరించెను. 1601లో బెన్ జాన్సన్ తన 'పోయెటాస్టర్' నాటకమున ఒక కుకవిచేత మందు మ్రింగించి, అతడు నేర్చిన వికృతపదముల నన్నింటిని సభాముఖమున వమనము చేయించెను. అట్లు కక్కబడిన వానిలో 'గ్లిబరీ' వంటివి నశించినవి. 'రెసిప్రోకల్', 'స్ట్రెన్యువస్', 'కాన్షస్' అనునవి మాత్రము నేడు ఏ బడిపిల్లవాడైనను నిస్సంకోచముగా వాడు మాటలైనవి. ఏది బ్రదుకునో, ఏది చచ్చునో అంతటి నాటకకర్తకును అంతుపట్టలేదు.

1710 సెప్టెంబరులో జొనాథన్ స్విఫ్ట్ 'టాట్లర్' పత్రికలో ఈ వ్యాజ్యమును మరల తెఱచెను. పదములను తుంచి 'మాబ్' వంటి మొండిమాటలు చేయుట ఆయనకు సహింపరానిది. ఆ మాటను, 'బాంటర్' అను మఱియొక మాటను ఆపుటకు ఏండ్లతరబడి పాటుపడియు, వాడువారి సంఖ్యాబలమునకు ఓడితినని యొప్పుకొనెను. ఫ్రాన్సుతో యుద్ధమువలన వ్యాపించిన 'ఆపరేషన్', 'బెటాలియన్', 'కమ్యూనికేషన్' వంటి దీర్ఘపదములు మఱి కొన్ని దండయాత్రలకు మించి బ్రదుకవని ఆయన నమ్మకము. 1712లో, భాషను సంస్కరించి శాశ్వతముగా స్థిరపఱచుటకు పండితపరిషత్తును నెలకొల్పవలసినదని, అధికారమున నున్న ఆక్స్‌ఫర్డు ప్రభువునకు బహిరంగలేఖ వ్రాసెను. రెండేండ్లకు ఆన్ రాణి మరణించి, ఆ ప్రభువు పక్షము పదవీచ్యుతమగుటతో పరిషత్తు తలంపును అడుగంటెను.

పరిషత్తు చేయదగిన పనిని సామ్యూల్ జాన్సన్ కొలదిమంది లేఖకుల సాయముతో లండనులోని ఒక యింటి మేడపై సాధించెను. 1747లో ప్రకటించిన ప్రణాళికలో, భాషకు స్థైర్యము కూర్చుట తన యాశయమని ఆయన పలికెను. పుస్తకపుటలను గాలించి, ప్రయోగములకు ఉదాహరణములు వ్రాయించుకొని, ఎనిమిదేండ్లు శ్రమించి, 1755లో రెండు సంపుటముల నిఘంటువును వెలువరించునాటికి ఆ యాశయము సడలిపోయెను. వాణిజ్యము, శాస్త్రవృద్ధి, అనువాదములు, వేడుకగా పుట్టు వాడుకలు, వీనిలో ఒక్కొక్కటి యెట్లు పదములను కదల్చునో పీఠికలో సావధానముగా వివరించి, మార్పును నిలుపగలనని తలంచిన నిఘంటుకర్త నవ్వులపా లగునని తేల్చిచెప్పెను. అయినను కోపము పూర్తిగా చావలేదు: 'ఫన్' అను మాటకు అది నీచమైన దొంగభాష యని ముద్ర వేసెను. ఆ మాటను నేడు మన తెలుగు బాలురు సైతము ఆటలో పలుకుచున్నారు.

వర్తకముచే కలిమి గడించిన కుటుంబములు పెద్దమనుష్యుల పంక్తిలో చేర నుద్యుక్తములైన కాలమది. ఉచ్చారణమును, వ్యాకరణమును కులీనతకు గుర్తులగుటచే, తప్పులు చూపు పుస్తకమునకు గిరాకి పుట్టెను. తరువాత బిషప్పైన రాబర్ట్ లౌత్ 1762లో వ్రాసిన వ్యాకరణమున షేక్స్పియర్, మిల్టన్ మహాకవులకే దోషములు పట్టెను. 1770లో రాబర్ట్ బేకర్, లెక్కింపదగిన వస్తువులకు 'లెస్' కంటె 'ఫ్యూయర్' అనుట సొంపుగా నుండునని తన యభిరుచిగా వ్రాయగా, అది కాలక్రమమున బడులలో శాసనమై కూర్చుండెను. బెంజమిన్ ఫ్రాంక్లిన్ 1789లో నోవా వెబ్స్టర్‌నకు లేఖ వ్రాసి, 'నోటీస్', 'అడ్వొకేట్', 'ప్రోగ్రెస్' అను నామవాచకములను క్రియలుగా వాడు క్రొత్తపోకడను అణచుమని కోరెను. 1832లో కవి కోలరిడ్జి పత్రికలలో తలయెత్తుచున్న 'టాలెంటెడ్' అను మాటను అనాగరికమని యీసడించెను. తెలుగు చలనచిత్రసమీక్షలలో నేడు దానికంటె చవుకగా దొరకు మెప్పుమాట లేదు. 1864లో కాంటర్బరీ డీను హెన్రీ ఆల్ఫర్డ్ 'రాణిగారి ఇంగ్లీషు' అను గ్రంథమున పరుల తప్పులెన్నగా, వాషింగ్టన్ మూన్ అను నాతడు 'డీనుగారి ఇంగ్లీషు' అని ప్రతిగ్రంథము వ్రాసి, ఆల్ఫర్డ్ వాక్యములలోనే తప్పుల రాశి పోసెను.

ఈ కలహముల నడుమ వేఱొక మార్గమును తెఱవబడెను. 1857లో రిచర్డ్ ట్రెంచ్ లండను భాషాశాస్త్రసంఘమున ప్రసంగించి, నిఘంటుకర్త భాషకు చరిత్రకారుడే కాని న్యాయాధికారి కాడని ప్రతిపాదించెను. ఆ సంకల్పమునుండి పుట్టి, 1928లో ముగిసిన ఆక్స్‌ఫర్డు మహానిఘంటువు ప్రతి పదమునకును తొలి ప్రయోగమునుండి సాక్ష్యము చూపెను. అట్టి సాక్ష్యముల వెలుగున, బేకర్ పండితునకు రుచింపని 'లెస్' ప్రయోగము తొమ్మిదవ శతాబ్దపు ఆల్ఫ్రెడ్ రాజు రచనలలోనే కలదని తేలెను.

ఈ రెండు మార్గములను కలుపజూచిన వాడు హెన్రీ ఫౌలర్. బడిపంతులు పని మాని గెర్న్సీ ద్వీపమున తమ్మునితో కూడి పనిచేసి, 1918లో ఆ తమ్ముడు క్షయచే మరణింపగా ఒంటరిగా సాగించి, 1926లో ఆయన ప్రకటించిన ఆధునికప్రయోగకోశమున కోపమునకు కొదవలేదు. కాని ఆ కోపము విచారణకు లోబడియున్నది. 'టు' అను అవ్యయమునకును క్రియకును నడుమ క్రియావిశేషణమును జొప్పించుట మహాపరాధమను మూఢవిశ్వాసమును ఆయన పరీక్షకు పెట్టి, ఆ నియమము నెఱుగకయే దానికి వెఱచువారిని పరిహసించి, సందర్భమెఱిగి వివేచించువారినే మెచ్చెను.

1961లో ఫిలిప్ గోవ్ సంపాదకత్వమున వెలువడిన వెబ్స్టర్ మూడవ మహాకోశము 'ఎయిన్ట్' వంటి మాటలను తగినంత గద్దింపలేదని అమెరికా పత్రికలు విరుచుకుపడినవి. రెక్స్ స్టౌట్ మఱుసటి యేటి నవలలో తన అపరాధపరిశోధకుడు నీరో వుల్ఫ్ చేత దాని పుటలను చించి నిప్పులో వేయించెను. దానికి పోటీగా 1969లో వచ్చిన అమెరికన్ హెరిటేజ్ నిఘంటువు రచయితలను, విద్వాంసులను ఒక మండలిగా కూర్చి, వివాదగ్రస్తమైన ప్రయోగములపై వారి సమ్మతిని అడిగి, ఎందఱు ఒప్పిరో, ఎందఱు రోసిరో శాతములతో అచ్చువేసెను. తరువాతి కూర్పులకు మరల అడిగెను. శుద్ధివాదులను తృప్తిపఱచుటకు పుట్టిన యా యేర్పాటు, వారి రోత యెట్లు సన్నగిల్లుచు వచ్చెనో తెలుపు దస్త్రముగా పరిణమించినది.

ఐదువందల యేండ్ల యీ కథలో కోపపడనివారు అరుదు. స్విఫ్టు మొఱలో ఛలోక్తి మిగిలినది; ఫ్రాంక్లిన్ కోరిక నెఱవేరలేదు; జాన్సన్, ఫౌలర్ల పుస్తకములు మాత్రము నేటికిని పనికివచ్చుచున్నవి. ఒక మాట చెవికి కఠోరమైనపుడు, అది యెప్పుడు పుట్టినది, ఎవరు వాడిరి, ఏ కొఱతను తీర్చుచున్నది, ఏ భేదమును చెఱపుచున్నది అని యడుగుటకు వారు విసువలేదు. అట్టి ప్రశ్నలకు ఓర్చిన కోపమే విద్యయైనది.