విత్తనం, నేల, గట్టు: కాలేయ కేన్సర్ గడ్డ అంచున దాగిన కథ



పాతబస్తీ నుండి మూసీ దాటగానే వచ్చే అఫ్జల్‌గంజ్‌కు ప్రపంచ వైద్యచరిత్రలో ఒక స్థానమున్నది. నేటి ఉస్మానియా ఆసుపత్రికి పూర్వం అక్కడ అఫ్జల్‌గంజ్ ఆసుపత్రి ఉండేది. 1908 మూసీ వరద దానిని తుడిచిపెట్టింది. అంతకు ముందే, 1889లో, హైదరాబాద్ వైద్య పాఠశాల అధిపతి ఎడ్వర్డ్ లారీ చొరవతో, నిజాం ధనసహాయంతో రెండవ క్లోరోఫాం కమిషన్ ఈ నగరంలో పరిశోధనలు జరిపింది. లండన్‌లోని లాన్సెట్ పత్రిక తన ప్రతినిధిగా లాడర్ బ్రంటన్‌ను పంపింది. మత్తు ఇచ్చేటప్పుడు నాడిని కాదు, శ్వాసను కనిపెట్టి ఉండాలని కమిషన్ తేల్చింది. కానీ స్వల్ప మత్తులోనూ గుండె హఠాత్తుగా ఆగగలదని 1911లో లెవీ నిరూపించాడు. చూపు ఒకచోటనే నిలిస్తే ప్రమాదం మరొకచోట నుండి రావచ్చునన్నమాట.

కేన్సర్ విషయంలోనూ ఇదే జరిగింది. అదే 1889లో అదే లాన్సెట్ పత్రికలో స్టీఫెన్ పేజెట్ అనే సర్జన్ ఒక వ్యాసం వ్రాశాడు. రొమ్ము కేన్సర్‌తో మరణించిన 735 మందిలో 241 మందికి కాలేయంలోకి వ్యాధి పాకింది. ప్లీహంలోకి పాకినది 17 మందికే. రక్తం రెండింటికీ చేరుతున్నది కదా, మరి ఈ తేడా ఎందుకు? విత్తనం ఎంతటిదైనా తగిన నేలలోనే మొలకెత్తుతుందని ఆయన సమాధానం. అయినా వైద్యులు చాలాకాలం విత్తనాన్నే, అనగా గడ్డనే పరీక్షించారు.

ఇప్పుడు దృష్టి గడ్డకూ కాలేయానికీ నడుమనున్న అంచుపై పడింది. పెద్దపేగు కేన్సర్ కాలేయానికి పాకినప్పుడు అక్కడ ముఖ్యంగా రెండు రీతులు కనిపిస్తాయి. మొదటిది డెస్మోప్లాస్టిక్: గడ్డ చుట్టూ పీచు కణజాలం పొలం గట్టువలె ఏర్పడి, రోగనిరోధక కణాలు అక్కడ గుమిగూడుతాయి. రెండవది రీప్లేస్‌మెంట్: గట్టు ఉండదు; కేన్సర్ కణాలు కాలేయ కణాల స్థానాన్ని ఆక్రమిస్తూ, ఉన్న రక్తనాళాలనే వాడుకుంటూ చేలోని కలుపువలె చొచ్చుకుపోతాయి. కొత్త రక్తనాళాలు పుట్టకుండా అడ్డుకునే మందులు ఇక్కడ అంతగా పనిచేయకపోవడానికి ఇదొక కారణం. గడ్డ కాలేయాన్ని ప్రక్కకు నెట్టే మూడవ రీతి అరుదు.

శస్త్రచికిత్స తరువాత, గట్టు పూర్తిగా ఉన్నవారు సగటున ఎక్కువకాలం జీవిస్తున్నారు. ఈ అంచును ఎలా లెక్కించాలో 2017లో అంతర్జాతీయ నిపుణులు నియమాలు రూపొందించి, 2022లో సవరించారు. గట్టు చుట్టూ సంపూర్ణంగా ఉన్నదా, ఎక్కడైనా తెగినదా అన్నదే ఇప్పుడు ప్రధాన ప్రశ్న.

దీనికి ఖరీదైన యంత్రం అవసరం లేదు. సాధారణ స్లైడు, సాధారణ సూక్ష్మదర్శిని, అనుభవమున్న పాథాలజిస్టు చాలు. అయితే తొలగించిన గడ్డ అంచును చూడాలి. సూదితో తీసిన చిన్న ముక్క సరిపోదు. కనుక ఆపరేషన్ అయినవారు అంచు ఎలా ఉన్నదని తమ వైద్యుని అడగవచ్చు. గట్టు లేదన్నంత మాత్రాన ఆశ వదులుకోరాదు, ఉన్నదన్నంత మాత్రాన పరీక్షలు మానరాదు. ఇవి వందలమందిని కలిపి చూసిన లెక్కలు. ఏ ఒక్కరి ఆయుష్షునూ నిర్ణయించవు. “కాలేయానికి పాకింది” అన్న మాట వినగానే అంతా ముగిసిందని మాత్రం అనుకోకండి.